టెక్కెన్‌లో బావ చేతిలో ఓడిపోకుండా ఉండాలంటే

ముందు తమ్ముడు అడిగింది క్లుప్తంగా చెప్తాను. ఊరు రాజోలు పక్కన. ప్రతి సంక్రాంతికి భీమవరం నుంచి మేనబావ ల్యాప్‌టాప్, రెండు కంట్రోలర్లు పట్టుకుని దిగుతాడు. పండగ మూడు రోజులూ టెక్కెన్ 7, అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే వీడియో గేమ్. అందులో బావ ఆడే పాత్ర హ్వారంగ్, తమ్ముడిది కజుయా. వీడియోలు చూసి కాంబోలు బట్టీ పట్టాడు. ప్రాక్టీస్ మోడ్‌లో పదికి ఎనిమిది సార్లు పడుతున్నాయి, మ్యాచ్‌లో మాత్రం ఒక్కటీ పడదు. "బావ కాళ్ళు ఆగవు అన్నయ్యా, నాకు బటన్ నొక్కే సందే దొరకదు. ఇంకా ఏ కాంబోలు నేర్చుకోవాలి?" అని ప్రశ్న.

ఇంకేమీ నేర్చుకోవద్దు తమ్ముడూ. వచ్చినవాటిలో కూడా తేలికైనది ఒకటి ఉంచుకుని మిగతావి పండగయ్యేదాకా అటకెక్కించు. కాంబో అంటే ఎదుటివాడు గాల్లోకి లేచాక చేసే పని. నీ ఇబ్బంది అంతా వాడు నేల మీద ఉన్నప్పుడే. పొయ్యి వెలిగించడం రాకుండా పోపు గురించి అడుగుతున్నావు.

నేనెవరిని చెప్పడానికి అంటావేమో. పాలకొల్లులో చాలా ఏళ్ళ కిందట మూడు టీవీలు, మూడు పాత ప్లేస్టేషన్లతో గేమ్ షాపు నడిపాను. గంటకి 10 రూపాయలు. టెక్కెన్ 3 సీడీ గీతలు పడి పడి అరిగిపోయింది. 1998లో ప్లేస్టేషన్‌కి వచ్చిన ఆ గేమ్ మా దగ్గర తర్వాత ఎన్నేళ్ళు ఆడిందో లెక్కలేదు. వచ్చిన ప్రతి కుర్రాడూ ఎడ్డీ అనే పాత్రని తీసుకుని రెండు కిక్ బటన్లూ దంచేవాడు. ఎడ్డీ నేల మీద బొంగరంలా తిరుగుతూ తన్నేవాడు, ఎదుటివాడు చచ్చేవాడు. అది ఆట వచ్చి గెలవడం కాదు, ఎదుటివాడికి ఆట రాకపోవడం. మీ బావ కూడా ఇంచుమించు అంతే అనుకుంటున్నాను. అతన్ని తక్కువ చేయడం కాదు. హ్వారంగ్ తన్నులు వరుసగా వస్తాయి, ఒంటికాలి మీద నిలబడి మళ్ళీ మొదలెడతాడు, అందుకని ఎక్కడా ఆగనట్టు కనిపిస్తాడు. కనిపించడమే. ఆగుతాడు. ఆ ఆగే చోటు నీకు తెలియడం లేదు.

దీన్ని మన వైపు వాళ్ళకి చెప్పడం తేలిక. దాళ్వాలో నీళ్ళు చాలని ఏడాది కాలువలకి వంతులవారీగా వదులుతారు కదా. నీ వంతు రోజున నువ్వు తూము ఎత్తుకోవాలి. పక్కవాడి వంతులో ఎత్తితే గొడవ. నీ వంతులో నిద్రపోతే నీ చేను ఎండుతుంది. టెక్కెన్ మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది. ప్రతి దెబ్బ తర్వాతా, అది తగిలినా, బ్లాక్ అయినా, గాల్లో పోయినా, వంతు ఎవరిదో ఒకరిది అవుతుంది. నువ్వు చేస్తున్నదేమిటంటే బావ వంతులో తూము ఎత్తి తన్నులు తింటున్నావు. నీ వంతు వచ్చేసరికి భయపడి చేతులు ముడుచుకుంటున్నావు. (చాలామంది ఈ ఆటను కోడిపందెంతో పోలుస్తారు. నాకు నచ్చదు. కత్తి కట్టిన పుంజుకి ఎదుటి పుంజు వంతు దాకా ఆగుదామన్న ఆలోచన రాదు.)

ఇప్పుడు అంకెలు. గేమ్ సెకనుకి 60 ఫ్రేములు (ఒక్కో ఫ్రేము తెర మీద ఒక్కో బొమ్మ) నడుస్తుంది. దాదాపు అందరికీ అన్నిటికన్నా వేగమైన దెబ్బ ఎడమ పంచ్, అంటే జ్యాబ్, కంట్రోలర్ మీద చతురస్రం బటన్. నొక్కిన పదో ఫ్రేముకి తగులుతుంది. సెకనులో ఆరో వంతు. కంటితో చూసి దాన్ని ఆపడం మనిషి వల్ల కాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఆ జ్యాబ్ నీకు తగిలిందనుకో. కొట్టినవాడు నీకన్నా 8 ఫ్రేములు ముందు కదలగలడు. నువ్వు వెంటనే నీ జ్యాబ్ నొక్కావు. నీది 10 ఫ్రేములే, కానీ 8 ఆలస్యంగా మొదలైంది కాబట్టి లెక్కకి 18. వాడు తీరిగ్గా 15 ఫ్రేముల లాంచర్ (గాల్లోకి లేపే దెబ్బ) వేసినా నీకంటే 3 ఫ్రేములు ముందే తగులుతుంది. పైగా నువ్వు కొట్టబోతూ ఉండగా తగిలింది కాబట్టి అది కౌంటర్ హిట్. డ్యామేజ్ ఎక్కువ, కొన్ని దెబ్బలైతే కౌంటర్‌లో తగిలినప్పుడే మనిషిని కూలదోస్తాయి. "నేను ముందే నొక్కాను, అయినా వాడిదే పడింది, గేమ్ మోసం" అని మా షాపులో రోజూ గొడవ. కంట్రోలర్ నేలకేసి కొట్టినవాళ్ళూ ఉన్నారు. మోసమేం లేదు, వంతు వాడిది.

అదే జ్యాబ్‌ని నువ్వు బ్లాక్ చేస్తే వాడికి మిగిలేది 1 ఫ్రేము. దాదాపు సమానం. బ్లాక్ చేస్తే వాడికే 5 ఫ్రేముల నష్టం వచ్చే దెబ్బలుంటాయి, అంటే వాడు నీకన్నా 5 ఫ్రేములు ఆలస్యంగా కదులుతాడు. అప్పుడు వాడి జ్యాబ్ లెక్కకి 15, నీ చేతిలో 14 ఫ్రేముల దాకా ఏదైనా గెలుస్తుంది. ఇక నష్టం 10కి చేరిందంటే వంతు కూడా కాదు, వాడు బ్లాక్ చేయడానికి కూడా వీల్లేకుండా నీ జ్యాబ్ తగిలి తీరుతుంది. దీన్నే పనిష్ అంటారు. 15 దాటితే చాలా పాత్రలతో ఏకంగా గాల్లోకి లేపొచ్చు, అప్పుడు నీ బట్టీ కాంబో పనికొస్తుంది.

ఈ నంబర్లన్నీ కంఠతా పట్టమనడం లేదు. నాకూ రావు. హ్వారంగ్ ఒక్కడివి, అందులో మీ బావ వాడే ఆరేడు దెబ్బలవి తెలిస్తే చాలు. ఎంత పెద్ద ఆటగాడైనా చేతికి అలవాటైన ఆరేడే వాడతాడు, మిగతావి మెనూలో ఉంటాయి.

మొదటి పని, వినడానికి పిచ్చిగా ఉంటుంది. తెలిసినవాళ్ళతో ఆడే మొదటి పది మ్యాచ్‌లు కొట్టకు. వెనక్కి బాణం పట్టుకుని నిలబడు. టెక్కెన్‌లో ఏమీ నొక్కకుండా నిలబడ్డా చాలావరకు బ్లాక్ అవుతుంది, వెనక్కి పడితే ఇంకా నమ్మకం. దెబ్బలు మూడు ఎత్తుల్లో వస్తాయి, తల దగ్గర హై, నడుము దగ్గర మిడ్, కాళ్ళ దగ్గర లో. నిలబడి బ్లాక్ చేస్తే హై, మిడ్ ఆగుతాయి, లో తగులుతుంది. కిందకీ వెనక్కీ కలిపి పట్టి వంగితే లో ఆగుతుంది, హై నెత్తి మీదుగా పోతుంది, మిడ్ మాత్రం మొహం పగలగొడుతుంది. ఇందులో ఏది ఎంచుకోవాలన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. నా సలహా, నిలబడు. గాల్లోకి లేపే దెబ్బల్లో ఎక్కువ మిడ్‌లే. ఒక లాంచర్ తగిలి కాంబో పూర్తయితే లైఫ్‌లో మూడో వంతు పైగా పోవచ్చు. వేగంగా వచ్చే చిన్న లో తగిలితే పోయేది దోమకాటంత. దోమకి భయపడి వంగి పాముకాటు తినకు.

లోల్లో రెండో రకం ఉంది. నెమ్మదిగా, పాతిక ఫ్రేముల పైన తీసుకుని, కాలు నేల మీద ఊడ్చినట్టు వచ్చి మనిషిని పడేసేవి. అవి కంటితో చూసి ఆపగలవి. మొదట చూశాక చెయ్యి కదిలేసరికి ఆలస్యమవుతుంది, రెండు మూడు వందల సార్లు చూశాక ఆ భుజం వంగడం చూడగానే బొటనవేలు తనంతట అదే కిందికి పోతుంది. బ్లాక్ అయ్యిందా, నీకు పండగే. కజుయాకి వంగి లేస్తూ ఎడమ పంచ్, కుడి పంచ్ కొట్టే దెబ్బ 13 ఫ్రేములది, మనిషిని గాల్లోకి లేపుతుంది. నష్టం అంతకన్నా ఎక్కువున్న ఏ లో బ్లాక్ చేసినా ఇదే జవాబు. చాలా పాత్రలకి ఇంత వేగంగా ఇంత గట్టి జవాబు లేదు. ఎలక్ట్రిక్ ఎలక్ట్రిక్ అని (కజుయా పేరుమోసిన పంచ్) కలవరించే కజుయా కుర్రాళ్ళు దీన్ని సరిగ్గా వాడరు, నాకు ఒళ్ళు మండుతుంది.

ఎలక్ట్రిక్ సంగతి కూడా చెప్పేస్తాను, నువ్వు అడుగుతావని తెలుసు. ముందుకి, వదిలెయ్, కిందికి, కింద-ముందుకి. ఆ ఆఖరి మూల మీద బొటనవేలు పడ్డ అదే ఫ్రేములో కుడి పంచ్ పడాలి. ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయితే మామూలు దెబ్బ వస్తుంది, దాన్ని బ్లాక్ చేస్తే 10 ఫ్రేములు నష్టపోయి నువ్వే పనిష్ అవుతావు. సరిగ్గా పడితే బ్లాక్ చేసినా వంతు నీదే. అంత గొప్పది కాబట్టే అంత కష్టం. రోజూ కాసేపు ప్రాక్టీస్ మోడ్‌లో తిప్పుకో. సంక్రాంతికి మ్యాచ్‌లో దాని మీద ఆధారపడకు.

నిలబడి బ్లాక్ చేసినప్పుడు నీ పనిష్ ఎడమ పంచ్, ఎడమ పంచ్, కుడి పంచ్. మొదటిది తగిలితే మిగతా రెండూ తగులుతాయి. 10 ఫ్రేములే. ఊరికే ముందుకెళ్ళి కొట్టడానికి మాత్రం వాడకు, చివరి పంచ్ బ్లాక్ అయితే బావకి బంగారుపళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టే. పనిష్‌కి మాత్రమే.

బావ ఎక్కడ ఆగుతాడో కనిపెట్టడం అసలైన పని. ప్రాక్టీస్ మోడ్‌లో డమ్మీకి (ఎదుట నిలబడే బొమ్మకి) హ్వారంగ్‌ని పెట్టి, బావ ఎప్పుడూ వేసే తన్నుల వరుస నువ్వే వేసి రికార్డ్ చెయ్యి. దాన్ని మళ్ళీ మళ్ళీ ఆడిస్తూ ముందు మొత్తం బ్లాక్ చెయ్యి. చప్పుడు విను, మన డప్పు దరువులాగే ఉంటుంది. ప్రతి వరుసకీ ఒక దరువు. తర్వాత రెండో తన్ను దగ్గర వంగి చూడు. తగిలితే అది మిడ్, వదిలెయ్. ఇంకోసారి మూడో తన్ను దగ్గర వంగు. ఎక్కడో ఒకచోట కాలు నెత్తి మీదుగా వెళ్ళిపోతుంది. అది హై. హ్వారంగ్ వరుసల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. అలా పోయినప్పుడు నువ్వు వంగి ఉన్నావు, వాడు కాలు గాల్లో పెట్టుకుని ఉన్నాడు. ఇందాకటి వంగి లేచే దెబ్బ వెయ్యి. ఒక్క వరుసకి ఇది చేయగలిగినా చాలు, ఆ సాయంత్రం నుంచి బావ ఆ వరుస వాడటానికి జంకుతాడు. భయపెట్టడం మొదలైందంటే సగం పని అయినట్టే.

అందులో హై లేకపోతే సందు చూడు. కొన్ని వరుసల్లో రెండు తన్నుల మధ్య నీ జ్యాబ్ దూరే జాగా ఉంటుంది. కొన్నిటిని పక్కకి ఒక అడుగేసి తప్పించుకోవచ్చు. పైకి బాణం ఒకసారి తట్టి వదిలితే తెరలోపలికి, కిందది తట్టి వదిలితే నీ వైపుకి జరుగుతావు. ఇది మూడు దిక్కుల ఆట, మొదట్లో ఎవరూ నమ్మరు. తన్నినప్పుడు కాలి వెంట తెల్లటి చార కనిపిస్తే మాత్రం పక్కకి జరిగి లాభం లేదు, ఆ దెబ్బ వెంటాడుతుంది. దాన్ని బ్లాక్ చేసుకో.

మా షాపులో అందరికన్నా బాగా ఆడిన కుర్రాడి గురించి చెప్తాను. పేరు వద్దు, ఇప్పుడు ఎక్కడో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. వాడి దగ్గర వారానికి ఒక గంటకే డబ్బులుండేవి. మిగతా రోజులు బడి వదలగానే వచ్చి, గోడకి ఆనుకుని నిలబడి చూసేవాడు. నేను మొదట్లో ఊరికే నిలబడొద్దని కసిరాను కూడా, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వాడు తెర చూసేవాడు కాదు, ఆడేవాళ్ళ బొటనవేళ్ళు చూసేవాడు. ఎవడు దెబ్బ తిన్న వెంటనే నొక్కేస్తాడో, ఎవడు భయపడితే ఎగురుతాడో, ఎవడు లైఫ్ తగ్గగానే పట్టుకోవడానికి వస్తాడో అన్నీ వాడికి తెలుసు. వారానికి ఒక్క గంట ఆడి, ఆ గంటలో వరసపెట్టి అందర్నీ ఓడించి పోయేవాడు. నువ్వు కూడా బావ మీ తమ్ముళ్ళతో ఆడుతున్నప్పుడు ఫోన్ చూసుకోకు. పక్కన కూర్చుని బావ వేళ్ళు చూడు. రౌండ్ మొదట్లో ఏం వేస్తాడు, తన్ను బ్లాక్ అయ్యాక ఆగుతాడా మళ్ళీ తంతాడా, కింద పడితే వెంటనే లేస్తాడా దొర్లుతాడా. ఈ మూడింటికి జవాబులు దొరికితే నా సమాధానంలో సగం నీకు అక్కర్లేదు.

2019లో లాహోర్ కుర్రాడు అర్స్‌లాన్ ఆష్ జపాన్‌లో, తర్వాత అమెరికాలో ఒకే ఏడాది రెండు ఎవో (ఫైటింగ్ గేమ్‌ల పేరుమోసిన పోటీ) టోర్నమెంట్లు టెక్కెన్ 7లో గెలిచినప్పుడు ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది. అప్పటిదాకా కొరియా, జపాన్ వాళ్ళదే రాజ్యం. అతను వచ్చింది మన షాపుల్లాంటి ఆర్కేడ్ల నుంచే, పక్కన కూర్చున్న మనిషితో ఆడి ఆడి. నీకు పక్కన బావ ఉన్నాడు, తక్కువేం కాదు.

పట్టుకోవడం, అంటే త్రో గురించి రెండు మాటలు. నువ్వు బ్లాక్ చేయడం నేర్చుకున్నావని తెలియగానే బావ పట్టుకోవడం మొదలెడతాడు. టెక్కెన్ 7లో అందరికీ ఉండే మామూలు త్రోని ఎడమ పంచ్ గానీ కుడి పంచ్ గానీ నొక్కి విడిపించుకోవచ్చు. కింగ్ లాంటి కుస్తీ వాళ్ళ ప్రత్యేకమైన త్రోలకి మాత్రం చేతులు చూడాలి. ఎడమ చెయ్యి ముందుకొస్తే ఎడమ పంచ్, కుడిదైతే కుడి, రెండూ వస్తే రెండూ కలిపి. నిలబడ్డవాణ్ణి పట్టే త్రో హై లెక్కలోకి వస్తుంది, కాబట్టి వంగినా తప్పిపోతుంది.

లైఫ్ బాగా తగ్గినప్పుడు బావ ఒంటి చుట్టూ ఎర్రటి మెరుపు వస్తుంది చూశావా. అక్కడ నీలాంటివాళ్ళు అయిపోయాడు కదా అని మీదపడతారు, వాడు రేజ్ ఆర్ట్ (ఆ మెరుపు ఉన్నప్పుడే వేయగల పెద్ద దెబ్బ) వేస్తాడు, నీ దెబ్బ తింటూనే వచ్చి నిన్ను చంపేస్తుంది. ఎర్రగా కనపడ్డప్పుడు అడుగు వెనక్కి వేసి నిలబడి బ్లాక్ చెయ్యి. బ్లాక్ అయిందంటే వాడు నిలబడి నీ లాంచర్ తినాల్సిందే. గత పండక్కి నువ్వు గెలవాల్సిన రౌండ్లు కనీసం కొన్ని ఇక్కడే పోయుంటాయి.

వెనక్కి జరగడం నేర్చుకో. వెనక్కి బాణం రెండుసార్లు తడితే గబుక్కున ఒక అంగ జరుగుతావు. బావ తన్ను గాల్లో పోతుంది, అప్పుడు కొట్టు. కొరియా వాళ్ళు దీన్ని మధ్యలో కింద-వెనక్కి తట్టి తెగ్గొట్టి, మళ్ళీ మళ్ళీ వెనక్కి జారిపోతారు. కొరియన్ బ్యాక్‌డాష్ అంటారు. అది వచ్చే ఏడాదికి పెట్టుకో. గోడ మాత్రం చూసుకో, వీపు గోడకి తగిలాక వెనక్కి పోవడానికి గోదావరి గట్టేం కాదు.

సామాన్ల సంగతి. ల్యాప్‌టాప్ పాతదైతే గ్రాఫిక్స్ అన్నీ తగ్గించి 60 ఫ్రేములు నిలబడేలా చూసుకోండి. ఫ్రేములు పడిపోతే ఆటే నెమ్మదిస్తుంది, నువ్వు నేర్చుకున్న దరువంతా తప్పుతుంది. పెద్ద టీవీకి పెడితే సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చెయ్యి. లేకపోతే నువ్వు నొక్కిందానికీ తెర మీద జరిగేదానికీ మధ్య ఆలస్యం వచ్చి చూసి ఆపాల్సినవి ఆపలేవు. మా షాపు పాత డబ్బా టీవీల్లో ఈ బాధ ఉండేది కాదు, కరెంటు పోవడం ఒక్కటే బాధ. కీబోర్డు మీద ఆడతానన్నా తప్పు లేదు.

టెక్కెన్ 7లో ఫ్రేములు తెర మీద చూపించే సదుపాయం విడిగా డబ్బులు పెట్టి కొనాలి. 2024 జనవరిలో వచ్చిన టెక్కెన్ 8లో అది గేమ్‌తోనే వస్తుంది. ఓడిపోయిన మ్యాచ్ రీప్లే మధ్యలో ఆపి, నువ్వే కంట్రోల్ తీసుకుని, ఇక్కడ వేరేది చేసుంటే ఏమయ్యేదో చూసుకోవచ్చు కూడా. నేర్చుకునేవాడికి అంతకన్నా మంచిది నేను చూడలేదు. కానీ ఆ గేమ్‌లో హీట్ అని ఒకటి పెట్టారు, మీదపడేవాడికి లాభం ఎక్కువ, బ్లాక్ చేసినా కొంచెం లైఫ్ పోతుంది. బావ దానికి మారాడంటే నిలబడి కాచుకోమన్న నా సలహా కొంత సడలించుకోవాలి. వంతు లెక్క మాత్రం అక్కడా అదే.

పండక్కి ఇంకా టైముంది కదా. మొదటి నెల ఒక్క హ్వారంగ్ వరుసలు రికార్డ్ చేసి బ్లాక్ చెయ్యి, రోజుకి అరగంట చాలు. తర్వాత రెండు పనిష్‌లు, నిలబడి ఒకటి, వంగి ఒకటి. ఎవరితో ఆడినా మ్యాచ్ అయ్యాక గెలిచానా ఓడానా అని లెక్కపెట్టకు, ఎన్నిసార్లు పనిష్ చేయగలిగాను, ఎన్ని వదిలేశాను అని లెక్కపెట్టు. మొదటి వారం పదిలో తొమ్మిది వదిలేస్తావు. సంక్రాంతికి సగం పడితే బావ మొహం చూడటానికి ఇంట్లోవాళ్ళంతా వచ్చి చుట్టూ చేరతారు.

ఇంకొకటి, కంట్రోలర్ నీది నువ్వే కొనుక్కో. బావ తెచ్చే రెండింటిలో నీకిచ్చేదానికి వెనక్కి బాణం సరిగ్గా పడదని నా అనుమానం. మా షాపులో కూడా గట్టిగా ఆడేవాళ్ళకి నేను మూడో టీవీ దగ్గర కంట్రోలరే ఇచ్చేవాణ్ణి.